లింగమ్మత్త నిలబెట్టిన ఇసుర్రాయి

మొన్న పొద్దున మా ఇంటి బట్టల మిషను గోడ దగ్గర నుంచి జరిగి జరిగి గడప దాకా వచ్చింది. నీళ్లు పిండే వేళకు దానికి పూనకం వస్తుంది. దడదడమని మోత, గూట్లోని సబ్బుడబ్బా కింద పడటం, కింది వాటా ఆవిడ మెట్ల మీద నుంచి ఏమైందని కేకేయడం. వారం రోజులుగా నల్గొండలో మా ఇంట్లో ఇదే భాగోతం. మోత తగ్గుతుందని మా వాడు పాత బొంత నాలుగు మడతలు పెట్టి దాని కింద వేశాడు. అప్పటి నుంచి మరీ రెచ్చిపోయింది. కోడలు స్వరూప రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకుని, "అత్తమ్మా, దగ్గరికి రాకు, మీద పడుతది" అంటోంది. ఆ దడదడ చెవిన పడగానే లేచి వచ్చాను. డెబ్బయి దాటిన దాన్ని, సగం మాటలు వినబడవు నాకు. ఆ చప్పుడు మాత్రం ఏ మూలనున్నా గుర్తుపడతాను. "స్విచ్చి బందు చెయ్యి, ఆ బొంత గుంజెయ్యి, ఒక పళ్లెంల నీళ్లు తే" అన్నాను. ముసలిదానికి మతి పోయిందేమో అన్నట్టు చూసింది. ఆ మాట నాది కాదు, లింగమ్మత్తది. ఆమెను మా ఇంట్లో నేను తప్ప చూసినవాళ్లెవరూ లేరు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా పెళ్లయి అత్తగారి ఊరికి వచ్చేనాటికి అక్కడ లింగమ్మత్త నోటికి భయపడని మనిషి లేడు. కట్టంగూరుకు పొద్దున బయలుదేరితే ఎండ ముదరకముందే చేరే దూరంలో ఉండేది మా ఊరు. చుట్టూ గుట్టలు, జొన్న చేలు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య మొలెత్తు మట్టిగోడ. భర్త పోయినా ఇద్దరు కొడుకులను పెట్టుకుని సేద్యం నడిపేది. నల్లని పొడుగాటి మనిషి, గోచిచీర కట్టి నడుస్తుంటే వెనక మనం పరుగెత్తాలి. మొదటి రోజు నేను పొయ్యి రాజేస్తుంటే గోడ మీదుగా తొంగిచూసి, మీ అవ్వగారింట్లో పొగ తాగి బతికేటోళ్లా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. మరుక్షణం గోడ దాటి వచ్చి, కట్టెల మధ్య గాలి ఎటు పోవాలో నా చేత పెట్టించి చూపించింది. తాను చేసి పెట్టదు, మన చేతే చేయిస్తుంది. వచ్చేదాకా తిడుతుంది. వచ్చాక ఒక్క మెచ్చుకోలు మాట కూడా ఉండదు, వెళ్లిపోతుంది. లింగమ్మ నోరు చేదు, చెయ్యి తీపి అని మా వాడకట్టులో అనుకునేవాళ్లు.

నిజాం కాలం చివరి రోజులవి. పొలాల మీదా మనుషుల మీదా దొరల పెత్తనం సాగనియ్యమని ఊరూరా సంఘాలు లేచాయి. మా ఆయన కూడా అందులో కలిసి, ఇంకొందరితో గుట్టల్లోకి వెళ్లిపోయాడు. ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. గుట్టల్లో ఉన్నవాళ్లకు రొట్టెలు మా చేతి మీదుగానే వెళ్లాలి. పొద్దున రొట్టెలు కాల్చి, పశువుల గడ్డికి పోయే ఆడవాళ్ల గంపల అడుగున పెట్టి పంపేవాళ్లం. అంతలో బడిని ఖాళీ చేయించి నిజాం తుపాకులవాళ్లు అందులో క్యాంపు పెట్టారు. దొర మనుషులు వాళ్లకు కళ్లూ చెవులూ అయ్యారు. కళ్ల నుంచి గంప దాచవచ్చు, చెవుల నుంచి జొన్నలు పిండి చేసే ఇసుర్రాయిని ఎలా దాస్తాం? అప్పట్లో ఏ ఊళ్లోనైనా కోడికూత వేళ ఏ ఇంటి రాయి ఎంతసేపు తిరిగిందో వాడకట్టంతా పడుకునే చెప్పేది. ఇద్దరాడవాళ్లున్న ఇంట్లో తెల్లారేదాకా రాయి తిరిగితే, ఆ పిండి ఎవరికోసమో చెప్పనక్కర్లేదు. పైగా మా రాయి మహా చెడ్డది. తిప్పినప్పుడల్లా ఒక పక్కకు ఎగిరి దడదడమనేది. ఎక్కువసేపు ఇసిరే ఇల్లు వాడలో ఒకటి ఉందని దొర మనిషి ఒకడు పసిగట్టి, రాయి దుమికే చప్పుడును బట్టి ఇల్లు పట్టుకోవచ్చని క్యాంపులో చెప్పాడట. ఆ సంగతి నీళ్ల బావి దగ్గర మాకు తెలిసింది. మా ఇల్లు పట్టుబడితే మమ్మల్ని కొట్టి ఊరుకోరు, రొట్టెలు వెళ్లే దారి పట్టుకుని ఆయన దాకా పోతారు.

మా అత్తగారు చేసిన పని చెప్తే నవ్వొస్తుంది. ఇప్పుడు మా వాడు చేసిందీ అదే. గోనెసంచి మడిచి, దాని మీద బొంత పరిచి, రాయిని దానిమీద పెట్టించింది. చప్పుడు బొంతలో ఇంకిపోతుందని ఆమె లెక్క. మా ఊళ్లో అందరూ అదే చేసేవాళ్లు. చంటిపిల్ల నిద్ర లేస్తుందని, మామకు ఒంట్లో బాగాలేదని రాయి కింద ఏదో ఒక మెత్తటిది వేసేవాళ్లు. రెండు తిప్పులు తిప్పానో లేదో, రాయి గంతులేసింది. గోడ అవతల నుంచి లింగమ్మత్త వచ్చింది. బొంతను రెండు చేతులా లాగి అవతల పారేసింది.

"మెత్తగ ఏస్తే ఇంక ఊగుతది పిల్లా. గట్టిది పెట్టు, నిలుస్తది" అంది.

తర్వాత పళ్లెంలో నీళ్లు తెమ్మంది. కింది రాయిని నేల మీద పెట్టి, దాని మీద పళ్లెం పెట్టింది. నీళ్లు ఒక అంచుకు చేరాయి. ఆ అంచు కింద పలచటి రాతి పెంకు దూర్చమని నాకు చెప్పింది. దూర్చాను. నీళ్లు ఇంకో వైపుకు వెళ్లాయి. తీసి మళ్లీ పెట్టాను. నడుము విరిగిపోతోంది, ఇక చాల్లే అత్తా అన్నాను. నీ మొగడు గుట్టల్లో చాల్లే అంటాండా అని కసిరింది. నీళ్లు పళ్లెంలో అంతటా ఒకే ఎత్తున నిలిచాక బురదతో ఆ పెంకులను నా చేతే బిగింపజేసింది. రాయి నడుమ ఉండే మేకు వదులైందని చూసి, తుమ్మ మొద్దు చెక్కించి కొత్తది కొట్టించింది. రెండు రోజులు ఆరనిచ్చాక నన్ను కూర్చోబెట్టి ఇసరమంది. ఆత్రంగా దోసెడు జొన్నలు పోశాను. రాయి మళ్లీ దుమికింది. నా చెయ్యి పట్టుకుని, "బరువు ఒక్క దిక్కు పడితే ఎసొంటి రాయైన దుముకుతది. ఇంతింత పొయ్యి, చుట్టూ పోనియ్యి" అంది. గుప్పెడు గుప్పెడుగా పోశాను. రాయి సన్నగా గుర్రుమంటూ తిరిగింది. దానిమీద అరచెయ్యి పెట్టి కాసేపు చూసింది, కొంగు దులుపుకుని లేచింది. అప్పటికీ మెచ్చుకోలేదు.

దడదడ చచ్చింది గాని, ఎంతసేపు ఇసిరామో ఇంకా తెలిసిపోతుంది కదా అన్నాను గడప దగ్గర. ఆమె అక్కడే ఆగింది. నాకు ఇప్పటికీ ఆ నిలబడ్డ తీరు కళ్లకు కడుతుంది. ఏదో ఆలోచించి, రాయికి చెప్పిందే మనుషులకు కూడా చెప్పింది. బరువంతా మీ ఒక్క ఇంటి మీద ఎందుకు పడాలి, అని. ఆ మాపటికల్లా వాడకట్టు అంతా తిరిగింది. ప్రతి ఇల్లూ తాను రోజూ ఇసిరే జొన్నలకు తోడు ఇంకొక్క గుప్పెడు ఇసరాలి. గుప్పెడు ఎక్కువైతే ఏ రాయీ ఎక్కువసేపు తిరిగినట్టు వినబడదు. పొద్దున నీళ్లకు పోయేటప్పుడు ఆ గుప్పెడు పిండిని కొంగున ముడేసి తెచ్చి నా కుండలో పోస్తారు, నేను అప్పటికప్పుడు రొట్టెలు చేసి పంపుతాను. కుండలో పిండి ఏ పొద్దూ నిలవ ఉండదు. మొదట కొందరు భయపడ్డారు. దొర మాట ఎక్కువ వినే ఇళ్లు కూడా ఒకటి రెండున్నాయి మరి. వాళ్లతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు గాని, ఆ ఇళ్ల పిండి కూడా వచ్చింది. ఆ నోటికి ఊరు ఊరికే భయపడలేదు.

క్యాంపువాళ్లు రానే వచ్చారు. వాడ మొదలు నుంచి ఇల్లిల్లూ వెతుకుతూ, దుమికే రాయిని పట్టుకుంటామని ఆడవాళ్ల చేత రాళ్లు తిప్పిస్తూ వస్తున్నారు. మా గడపలోకి నలుగురు దిగారు. ఒకడు పిండి కుండ బోర్లించాడు. ఇద్దరికి ఒక పూట పిండి రాలింది, అంతే. దొర మనిషి నా వైపు చూసి ఇసరమన్నాడు. నేను కూర్చున్నాను. లింగమ్మత్త గోడ దాటి వచ్చి నా పక్కనే నిలబడింది. ఎవరు నువ్వని తుపాకి అతను అడిగితే, పక్కింటిదాన్ని, ఉప్పు కోసం వచ్చినానంది. గుప్పెడు జొన్నలు పోశాను. ఇంతింత, చుట్టూ పోనిచ్చాను. రాయి దుమకలేదు. సన్నగా గుర్రుమంటూ, పెద్ద ఇంటి రాయిలాగా తిరిగింది. దొర మనిషి వంగి చెవి పెట్టి విన్నాడు. "గిది కాదు" అన్నాడు. నలుగురూ బయటికి నడిచారు. లింగమ్మత్త వాళ్ల వెనకే గడప దాకా వెళ్లి, తిరిగి వచ్చి, నా చెయ్యి తీసి రాయి పిడి మీద మళ్లీ పెట్టింది. "నడుమల ఆపకు, బయట వాళ్లు వింటరు" అంది. ఆ రోజు నా కళ్లకు ఆమె తల ఇంటి దూలానికి తగిలినట్టే ఉంది.

ఆ తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. క్యాంపు ఎత్తేశారు. కొందరు గుట్టల్లోనే ఉండిపోయారు గాని మా ఆయన ఇల్లు చేరాడు. గడ్డం మాసి, సగం మనిషై వచ్చాడు. నేను ఆ పూట మా రాయి మీద ఇసిరిన పిండితో రొట్టె చేసి పెట్టాను. మొదటి ముక్క నమిలి ఆగిపోయాడు. ఉప్పు తక్కువైందేమో అనుకున్నాను. "గీ రొట్టె నున్నగున్నది. మాకు అచ్చినయి గిట్ల లేకుండె" అన్నాడు. గుట్టల్లోకి వచ్చిన ప్రతి రొట్టెలోనూ ఒక చోట పిండి బరకగా పంటికి తగిలేదట, ఒక చోట మెత్తగా కరిగేదట. ఒక్క రాయి పిండి అట్లా ఉండదని అందులో ఉన్న రైతుబిడ్డలందరికీ తెలుసు. "అది తింటాంటె వాడకట్టంత మా ఎనక ఉన్నదని ఎరుకయ్యేది. గందుకే పానం నిలిచింది" అన్నాడు. గోడ అవతల చాట చెరిగే చప్పుడు ఆగిపోయింది. లింగమ్మత్త విన్నది. నేను లేచి చూస్తే, ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, చాటలోంచి లేచిన దుమ్మును తిడుతోంది.

తర్వాత కాలంలో సభలు జరిగాయి. మా ఆయన మెడలో దండలు పడ్డాయి, పడాల్సిందే. లింగమ్మత్తను ఏ వేదిక మీదికీ పిలవలేదు. పిలిచినా వచ్చేది కాదు, చేలో పని పెట్టుకుని మీతో సోకులేందని తిట్టేది. ఆమె నాకు నేర్పింది మాత్రం పోనియ్యలేదు నేను. పిల్లల పెళ్లిళ్లలో, ఇంట్లో చావుల్లో, మా ఆయన మంచాన పడ్డప్పుడు, ఏ ఒక్కరి మీదా బరువంతా పడనియ్యలేదు. అది నా గొప్ప కాదు. లింగమ్మత్త పక్కింట్లో ఉన్నానని మాత్రం ఎక్కడైనా తలెత్తి చెప్పుకుంటాను.

మొన్న స్వరూప పళ్లెంలో నీళ్లు తెచ్చింది. బొంత తీసేసిన మిషను మీద పెట్టించాను. నీళ్లు ముందరి కుడి మూలకు ఒరిగాయి. అక్కడి కాలు సగం వదులై ఉంది. నేను చేసి పెట్టలేదు, స్వరూప చేతే ఆ కాలు తిప్పి బిగింపజేశాను. నడుము నొప్పంది, కసిరాను. నీళ్లు నిలిచాక మూత తీసి చూస్తే, లోపల ఒక్కటే పెద్ద దుప్పటి ఉండగట్టి ఒక పక్కకు చేరి ఉంది. దాన్ని విడదీసి, చుట్టూ నాలుగు చీరలూ రెండు చొక్కాలూ సర్దించాను. మిషను తిరిగింది. నీళ్లు పిండే వేళ వచ్చింది. స్వరూప భయపడి పట్టుకోబోతే వద్దన్నాను. నా అరచెయ్యి దాని మీద పెట్టాను. సన్నగా గుర్రుమంటోంది. "ఎవరు నేర్పిండ్రు అత్తమ్మా?" అని అడిగింది. పక్కింటామె, అన్నాను. స్వరూప తన చెయ్యి కూడా నా చెయ్యి పక్కన పెట్టింది. బాగా చేశావని నోటి దాకా వచ్చింది. లింగమ్మత్త గుర్తొచ్చి, కొంగు దులుపుకుని లేచాను.