కర్ర కొరికే సింగన్న

కర్రముక్క కనపడితే చాలు, సింగన్న గారు కొరికేవారు. కర్రను బరువు చూసి పోల్చేవాళ్ళుంటారు, వాసన చూసి చెప్పేవాళ్ళుంటారు, అడ్డంగా కోసి భూతద్దం పెట్టి నోరు తిరగని పేరొకటి పలికే శాస్త్రజ్ఞులూ ఉంటారు. బస్సు కండక్టరుగా రిటైరై నర్సీపట్నంలో స్థిరపడ్డ సింగన్న గారికి మాత్రం విద్యంతా పళ్ళలోనే ఉంది. ఉప్పు లేని పప్పుచారును లొట్టలేసుకుంటూ తాగే ఆ నాలుకే, పనసకీ వేగిసకీ తేడా ఇట్టే పట్టేసేది.

ఒకసారి మేనకోడలి సంబంధం కోసం కోటవురట్ల వెళ్ళి, చెప్పులు వెతుకుతున్నట్టు వంగి పెళ్ళివారి మంచం కోడు కొరికారు.

"ఏటండీ అది?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"టేకన్నారు, ఇది మద్దండీ! మంచం కాడే ఇలాగుంటే కుర్రోడి ఉజ్జోగం సంగతేటి?"

ఆ సంబంధం అక్కడితో సరి.

ఆయన రోజూ కూర్చునేది బస్టాండు దగ్గర ధర్మతేజ దుకాణంలో. ధర్మతేజ ఏటికొప్పాకలో కర్రబొమ్మల పని నేర్చి, లేతు మిషను మీద పిల్లల బొమ్మలు తీసేవాడు. ఏ బొమ్మ చూసినా అడుగున సింగన్న గారి పంటిగాట్లే! బేరాలు పోతున్నాయని అతని ఏడుపు.

"దుకాణంలో ఎలకలున్నాయేటి?" అని ఎవరైనా అడిగితే, "ఒకటుందండీ. కళ్ళజోడెట్టుకుంటాది" అనేవాడు.

ఒకరోజు పక్కవీధి అప్పలలక్ష్మి గోనెలో ఏదో చుట్టి తెచ్చింది. "మా తమ్ముడు కొండమీంచి తెచ్చిన కర్ర బాబూ. మనవరాలికి పళ్ళొత్తన్నాయి, రేపు అన్నప్రాసన. బేగి ఓ గిలక్కాయ తీసీ!"

గోనె విప్పితే గోధుమరంగు మీద పసుపు చారలు! ధర్మతేజ చేతులు దురదెక్కాయి. దారినపోయేవాళ్ళు పోగయ్యారు. ఒకడు ఇరుగుడన్నాడు, ఇంకొకడు కాదు పనసేనన్నాడు. సింగన్న గారు ఓ పేడు తీసి నోట్లో వేసుకున్నారు. నమిలారు. అందరూ ఆయన దవడల వంకే చూస్తున్నారు.

"తెల్దు," అన్నారు.

కరెంటు పోయినట్టయింది దుకాణం.

"పేరు తెలీకపోతే ఏటి? మిషనెక్కించీనా?" అన్నాడు ధర్మతేజ.

"ఒగ్గు! రేపటిదాకా ముట్టుకోకు!" అంటూ ఆయన కర్రను చంకన పెట్టుకుని నడిచారు.

"అయ్యో, కర్రట్టుకు పోతన్నాడేటి ముసలాయన!" అంది అప్పలలక్ష్మి.

"రాత్రికి కూరొండుకుంటారు గావాల" అన్నాడు ధర్మతేజ మండిపడుతూ.

తెల్లారేసరికి సింగన్న గారు పరుగున వచ్చారు. పెదవులు రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి. ముఖం మాత్రం లాటరీ తగిలినట్టు వెలుగుతోంది.

"దొరికింది! నల్లజీడి! ఎండినా దాని పొగరు తగ్గలేదు, సూడు నా మూతి!"

చిగుళ్ళు దురదపెట్టే పసిపిల్ల నోట్లో ఆ గిలక్కాయను ఊహించుకునేసరికి ధర్మతేజకి ఒళ్ళు జలదరించింది. అయినా ఉక్రోషం ఆగలేదు. "పెతీదీ నోట్లోనే ఎట్టుకోవాలా? ముక్కుతో సూడొచ్చు గదండీ!"

"నీ బొమ్మని పిల్లలు ముక్కుతో సూత్తారేటి?"

ధర్మతేజ మిషను మీదికి రోజూ బొమ్మలు తీసే అంకుడు కర్రముక్క ఎక్కించి, ముహూర్తం వేళకి గిలక్కాయ తీసి, ఆయన్ని వెంటబెట్టుకుని అప్పలలక్ష్మి ఇంటికి నడిచాడు.

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా నోట్లో పెట్టుకుంది. చొంగ కారుస్తూ గట్టిగా నమిలింది. సింగన్న గారు వాచిన మూతితోనే ఆత్రంగా ఎదురుగా చతికిలబడ్డారు.

"సెప్పమ్మా, ఏ కర్ర?"

పిల్ల ఆలోచించి మళ్ళీ కొరికింది.

"సూసావా ధర్మతేజా," అన్నారాయన మురిసిపోతూ. "తొందరపడి సెప్పీయదు. పనిమంతురాలు!"