దినాల బూట్లు

అమ్మ సంవత్సరీకం దగ్గరపడే నాటికి నేను చిక్కడపల్లిలో ఒక మేడ మీది గదిలో కిరాయికి ఉంటున్నాను. అశోక్‌నగర్‌లోని మా ఇల్లు చేతులు మారి, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ అయింది. మా తాత పంచెలు పంచిన అరుగు మీద ఎవరివో బనియన్లు ఆరుతుండేవి. ఆ వీధిలోంచి పోవలసి వచ్చినా తల తిప్పేవాణ్ణి కాదు.

మా ఇంట్లో ఎవరు పోయినా, ఏడాది తిరిగేసరికి వాళ్ల పేరు మీద నలుగురికి ఏదైనా పెట్టడం ఆచారం. అమ్మకు ఆ పని చేయడానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఎంత ఇరుకులో ఉన్నా అది జరిగి తీరాలనుకున్నాను.

నారాయణగూడలో ఒక సర్కారు బడి ముందు నుంచి రోజూ నడిచేవాణ్ణి. తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని వచ్చే పిల్లలు కనబడేవారు. లోపలికి వెళ్లి, మూడో తరగతి పిల్లలందరికీ బూట్లు ఇస్తానని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాను. ఆమె ఒక్కొక్కరినీ పాత న్యూస్‌పేపరు మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలు తిప్పించి, ఆ కాగితాలన్నీ కట్టగట్టి నా చేతికిచ్చింది. ఆ రాత్రి వాటిని గదిలో పరిచి సైజుల వారీగా సర్దాను. నడవడానికి చోటు లేకుండా నేలంతా పాదాలే. మంచం మీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయాను.

కాచిగూడలో హోల్‌సేల్‌గా కొన్నాను. తెలంగాణ బంద్‌లకు బడి మూతపడి, సంవత్సరీకం నాడు ఇవ్వాలనుకున్నవి తర్వాతి వారానికి జరిగాయి. ఆ రోజు ఇస్త్రీ బట్టలు వేసుకుని బల్ల వెనక నిలబడ్డాను. పిల్లలు తల్లులతో వరుసలో వచ్చారు. ప్రతి డబ్బా ఇస్తూ, "మా అమ్మగారి పేరు మీద" అన్నాను.

కొందరు తీసుకున్నాక, టిఫిన్ సెంటర్లో పనిచేసే ఒకామె కూతురితో ముందుకొచ్చింది.

"అమ్మ యాడుంటది సార్?"

పోయి ఏడాదైందని చెప్పాను. డబ్బా కోసం చాచిన కూతురి చేతిని ఆమె వెనక్కి లాగింది.

"అయితే ఇవి దినాల బూట్లా?"

ఆ మాట వరుస చివరిదాకా పాకింది. దినాలప్పుడు, పోయినవాళ్ల కాళ్లు దారిలో కాలకూడదని చెప్పులు, గొడుగు దానమిస్తారు. ఆ దానం పట్టడానికి తగిన మనిషి వేరే ఉంటాడు, పసిపిల్లలు కాదు. మా నాన్న దినాల్లో ఆ చెప్పుల జత అందించింది నేనే. అయినా నాకు తట్టలేదు. తీసుకున్నవాళ్లు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టేశారు. ఒక తల్లి కొడుకు కాలికి అప్పుడే ఎక్కిన బూటును లాగేసింది.

బడి కమిటీ వాళ్లు ఇచ్చారని చెబుదామని హెడ్‌మిస్ట్రెస్ నా చెవిలో అంది. అబద్ధమాడి దానం చేసే ఇల్లు కాదు మాదన్నాను. వెళ్లిపోదామనే అనుకున్నాను. ఆ టిఫిన్ సెంటర్ ఆమె మాత్రం కదల్లేదు.

"కోపం చేయకుండ్రి సార్. బూట్లు మంచిగున్నయి. వీటి కోసం పిల్ల పొద్దుగాలనే లేచి కూసున్నది. సచ్చినోళ్ల పేరు వద్దు, గంతే. మీ ఇంట్ల బతికున్నోళ్ల పేరు మీద ఇయ్యుండ్రి, తీస్కుంటం."

నేను బల్ల మీది డబ్బాలు సర్దసాగాను.

"తీస్కునెటోళ్లు ఇంతమంది. ఇచ్చెటాయనకు ఇంట్ల ఒక్కలు లేరా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు వినబడ్డాయి.

ఆమె వెనక్కి తిరిగి వాళ్లను కసిరింది. తర్వాత నా వైపు చూసి మెల్లగా, "మీరు లేరా సార్? మీ పేరు మీదనే ఇయ్యుండ్రి" అంది.

బతికుండగా తన పేరు మీద తానే పెట్టుకోవడం మా ఇంట్లో నామోషీ. మా తాత అలాంటివాళ్లను వీధి గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. ఆ పిల్ల డబ్బా వైపు చూడకుండా తన కాళ్ల వైపే చూసుకుంటోంది. అప్పుడు, "నా పేరు మీద" అన్నాను.

ఆమె కూతురి భుజం తట్టింది. "సార్‌ను సల్లగుండమని అను." ఆ పిల్లకు ఆ దీవెన ఇంట్లో ముసలమ్మ నోట విన్న తీరులోనే తెలుసు. డబ్బా గుండెకు హత్తుకుని, నెరిసిన తల ఉన్న నన్ను చూసి అంది:

"సల్లగుండు బిడ్డా."

తల్లులు నవ్వారు. అదే అనాలేమోనని వెనకున్న పిల్లలందరూ అదే అన్నారు. ఒక్కొక్కరూ డబ్బా అందుకుని, "సల్లగుండు బిడ్డా" అని నన్ను దీవించి వెళ్లారు. చివరి డబ్బా దాకా బల్లను పట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

సాయంత్రం అమ్మ ఫోటో ముందు కూర్చున్నాను. ఆమె పేరు మీద ఇంకా ఏమీ పెట్టలేదని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కింది వాటాలో కుక్కర్ కూతలు, అన్నానికి రమ్మని పిలుచుకునే మాటలు వింటూ, దీపం వెలిగించకుండానే కూర్చున్నాను.