మా బడి పడవగుమ్మం

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వెయ్యదు, విసుగొస్తుంది. నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే పేపర్లు దిద్దుకునే వంకతో లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడానికి ఇది రాయడం లేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను, అంతే. అది విన్న రోజునే, నేను ఎంతో నమ్మిన మనిషి నన్ను నిలువునా ముంచేశారు. ఆ రెండింటినీ విడదీసి చెప్పడం నావల్ల కాదు.

కొల్లేటి ఒడ్డున ఉన్న మా హైస్కూలుకు ముఖం నీటివైపు, వీపు రోడ్డువైపు. కట్టినప్పుడు అక్కడ రోడ్డే లేదట. మెట్లు తిన్నగా నీళ్లలోకి దిగుతాయి. ఆ మెట్ల పైనున్న గేటును అందరూ పడవగుమ్మం అనేవారు. రోడ్డు పడ్డాక వెనక గోడ పగలగొట్టి ఇంకో గేటు పెట్టారు. ఏలూరు నుంచి బస్సులో వచ్చే నాలాంటివాళ్లం దొడ్డిదారిన వచ్చే చుట్టాల్లా అందులోంచి లోపలికి వెళ్లేవాళ్లం. కొల్లేటి మధ్యనున్న లంక ఊరి పిల్లలు మాత్రం దర్జాగా పడవ దిగి ముందు గుమ్మంలోంచి వచ్చేవారు.

చలికాలం ఉదయాల్లో అక్కడ మంచు పడితే ఎదురుగా ఏముందో కనపడదు. లంక పిల్లలు రాకుండా ప్రార్థన మొదలుపెట్టకూడదని మా బడిలో ఆనవాయితీ. ఒక టీచరు మెట్ల మీద నిలబడి "వచ్చారా?" అని కేక వేయాలి. మంచులోంచి పిల్లలంతా "వచ్చామండీ" అంటారు. అప్పుడు టీచరు "రండి" అనాలి. ఆ మాట వినపడేదాకా పడవను మెట్టుకు ఆనించరు. మెట్లన్నీ నాచు కదా, చెయ్యి అందించడానికి పెద్దవాళ్లు ఉన్నారో లేదో తెలియాలి.

ఎనిమిదో తరగతి నాగలక్ష్మి అందరితో కలిసి అనేది కాదు. అందరూ అనేశాక, సన్నటి గొంతుతో "నేనూ వచ్చానండీ" అనేది. ఇటువైపు వరసల్లో నిలబడ్డ పిల్లలు రోజూ నవ్వేవారు. అయినా మానేది కాదు.

ఈ పద్ధతంతా నాకు నేర్పింది మా హెడ్‌మాస్టరుగారు. తాడేపల్లిగూడెంలో నాకు పదో తరగతి లెక్కలు చెప్పింది కూడా ఆయనే. అందరికీ హెచ్చెమ్‌గారైనా నాకు మాత్రం మాస్టారే. ఆ బడికి నన్ను అడిగి మరీ రప్పించుకున్నారు.

ఇలా ఉండగా మా బడిని రోడ్డు మీది ఊళ్లో పెద్ద హైస్కూల్లో కలిపేస్తారని కబురొచ్చింది. అక్కడికి పడవ పోదు. లంక నుంచి అంత దూరం ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. లంక తల్లులు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. నేనుండగా మీ పిల్లల బడి ఎక్కడికీ పోదని మాటిచ్చాను. మాస్టారి అండ చూసుకునే ఆ మాటిచ్చాను.

పడవలో పిల్లలు నిజంగా వస్తున్నారో లేదో చూసి రాయడానికి ఒక ఆఫీసరు వస్తారని తెలిసింది. మాస్టారు నాకు ధైర్యం చెప్పారు. పడవ నిండా పిల్లలు దిగుతుంటే ఆయన కళ్లారా చూస్తారు, ఇంక వేరే రుజువెందుకమ్మా అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు దట్టంగా మంచు. పడవగుమ్మం దగ్గర ఆఫీసరుగారు, మాస్టారు, నేను. వెనకాల ఒడ్డు ఊరి పిల్లలు వరసల్లో ఉన్నారు. నేను మెట్లు దిగి "వచ్చారా?" అని కేక వేశాను. జవాబు లేదు. కాసేపాగి మళ్లీ పిలిచాను. నీళ్లు కూడా కదల్లేదు.

అప్పుడు మాస్టారు మెల్లగా, ఎప్పుడూ మాట్లాడే ఆ మెత్తటి గొంతుతోనే అన్నారు: "కొన్నాళ్లుగా పడవ రావట్లేదండి. లంకలో పిల్లలు బడి మానేశారు."

ముందురోజు కూడా ఆ పిల్లలకు చెయ్యి అందించి దింపింది ఆయనే. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఆ కోపంలో, ఆ ఏడుపులో, నీళ్ల వైపు తిరిగి మూడోసారి అరిచాను.

"వచ్చామండీ."

దూరం నుంచి కాదు. మెట్ల దగ్గర నుంచే. పడవ వచ్చి ఆగితే ఎక్కడి నుంచి వినపడుతుందో అక్కడి నుంచే. వెంటనే సన్నగా, "నేనూ వచ్చానండీ." వరసల్లో పిల్లలు అలవాటుగా నవ్వారు. బడి కుక్క లేచి తోక ఊపుకుంటూ మెట్లు దిగింది. చిన్న అల వచ్చి కింది మెట్టుకు తగిలింది.

నేను గెలిచినట్టు మాస్టారి వైపు తిరిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డారు. ఆ గాభరాలో "రండి" అనే మాట మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

ఎదురుచూశాం. ఎండ వచ్చింది, మంచు విడిపోయింది. ఎదురుగా గుర్రపుడెక్క, దూరంగా నాలుగు గూడబాతులు. పడవ లేదు.

ఆఫీసరుగారికి కోపం వచ్చింది. "ఎవర్నో దాచిపెట్టి కేకలు వేయిస్తే పడవ వచ్చినట్టేనా మేడమ్?" అన్నారు.

నేను మాస్టారి వైపు చూశాను. ఈ అమ్మాయి అలాంటిది కాదండీ అని ఒక్కమాట అంటే చాలు. ఆయన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. నన్ను రక్షించడానికే వచ్చిందనుకున్న ఆ జవాబు కూడా నన్ను దొంగను చేసి పోయింది.

మధ్యాహ్నం చేపల మేత మోసే పడవ ఒకటి దొరికితే లంకకు వెళ్లాను. బడి పడవ ఒడ్డునే ఉంది. పడవ నడిపే ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచాడు.

"నిన్న సాయంత్రం మాస్టారే కబురెట్టారు కదండీ, రేపు బడి లేదు, పడవ తియ్యొద్దని. మీకు తెలీదాండీ?"

పిల్లలంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. మీరెవరైనా కేక వేశారా అని ఒక్కొక్కరినీ అడిగాను. సెలవు రోజున ఎందుకు వేస్తాం టీచర్ అన్నారు. చలి ఉదయాల్లో నీటి మీద శబ్దం చాలా దూరం పోతుంది. తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పేది నేనే. దాంతో సరిపెట్టుకుందామనే చూశాను. కానీ నాగలక్ష్మి లంకలో లేదు. ముందురోజు సాయంత్రమే నాయనమ్మతో ఆకివీడు వెళ్లింది. పోనీ కథల్లోలా అక్కడ ఏ పడవైనా మునిగిందా అంటే, అదీ లేదు. మేము విన్నది బతికున్న పిల్లల గొంతులు.

బడిని కలిపేశారు. మాస్టారికి తాడేపల్లిగూడెంలో ఇంటి పక్క బడికి పోస్టింగ్ వచ్చింది. ఆ అబద్ధం దేనికో అప్పుడు అర్థమైంది నాకు. ఇంత చిన్న సుఖానికా అని ఏడ్చాను. ఆయన రిటైర్‌మెంటు సభకు నేను వెళ్లలేదు. నాగలక్ష్మి ఆకివీడులో చేపల షెడ్డుకు పనికి వెళ్తోందని విన్నాను. వాళ్లమ్మ ఒకసారి బస్టాండులో ఎదురుపడి, నన్ను గుర్తుపట్టి, ముఖం తిప్పుకుంది. ఆవిడ దృష్టిలో మాస్టారూ నేనూ ఒకటే.

మొన్న చలికాలంలో ఆయన ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసించిపోయింది. రోజూ ప్రార్థన వేళకు పెరటి గుమ్మం అవతల నుంచి ఆ 'వచ్చామండీ' వినిపిస్తోందట. వాళ్ల పెరటి వెనక బియ్యం మిల్లు తప్ప నీటి చుక్క ఉండదు, ఆ ఇల్లు నాకు తెలుసు. ఇంట్లోవాళ్లకు ఏమీ వినపడదట. డాక్టరుకు చూపించుకున్నారట.

రండి అనకపోయారా అన్నాను, వెటకారంగానే.

"అన్నానమ్మా. 'మీరు కాదండీ' అంటున్నారు."

ఒక్కసారి వచ్చి నువ్వే ఆ మాట అని వెళ్లమ్మా అని బతిమాలారు. ఆ రోజు మీ నోటి నుంచి నాకు కావలసింది కూడా ఒక్క మాటే కదండీ అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ వినపడింది ఏమిటో నాకు తెలియదు. ఏ పాఠంలోనూ దొరకలేదు. తాడేపల్లిగూడెం నేను ఇంకా వెళ్లనిది బస్సులు లేక కాదు, ఆయన మీద కోపం తీరకా కాదు. ఆ పెరటి గుమ్మంలో నిలబడి రండి అని పిలిస్తే, ఆ పిల్లలు నా మాట నమ్మి మళ్లీ వస్తారు. వస్తే ఏ బడిలోకి తీసుకెళ్లను?