లస్కరు కట్టని నీళ్లు

మొన్న మా తమ్ముడు రేపల్లె నుంచి ఫోన్ చేసి, నిజాంపట్నంలో పడవ మాట్లాడాను, ఓ పూట హాయిగా గడిపొద్దాం రమ్మన్నాడు. హాయి అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. దాదాపు ఇరవయ్యేళ్ల కిందట కూడా వీడు ఇదే మాట చెప్పి మమ్మల్ని పడవెక్కించాడు.

అప్పటికి మా ఆయనకు గుండెపోటు వచ్చి రెండు నెలలైంది. కదలకుండా విశ్రాంతి తీసుకోమన్నారు డాక్టరు. మా ఊరు కొలకలూరులో ఉంటే ఆ మనిషి మంచం మీద ఉంటేగా! తెల్లారేసరికి కాలువ గట్టు మీద ప్రత్యక్షం. మా పొలం కాలువ చివర ఉండటం వల్ల, పైవాళ్లు నీళ్లు మళ్లించుకుంటున్నారన్న అనుమానంతోనే ఆయన బతుకంతా గడిచింది. కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరుకు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవారు. ఇలాగైతే ఈయన నాకు దక్కరని హడలిపోయి, తమ్ముడి మాటకు సరేనన్నాను.

సముద్రానికి దగ్గరగా, మడచెట్ల మధ్య పాయలో లంగరు వేయబోయారు. నేను బాపట్ల పిల్లను, సూర్యలంకలో అలలు చూస్తూ పెరిగాను. ఒడ్డుకు ఇంత దగ్గరొద్దండి, పాటు మొదలైతే నీళ్లు వెనక్కి పోయి పడవ బురదలో కూర్చుంటుంది అన్నాను. నీళ్ల సంగతి నాకు చెబుతావా అని ఆయన పడవను చెట్టు నీడకే పట్టించారు. పడవతను నా వంక జాలిగా చూసి లంగరు వదిలాడు. పులిహోర, గారెలు తిన్నాం. చల్లగాలికి నేను కాస్త కునుకు తీశాను. లేచేసరికి ఈయన చెవి దగ్గర సెల్‌ఫోన్. పాయలో నీళ్లు జానెడు తగ్గాయట, ఎవడు తలుపులు దించాడని ఎక్కడో కొలకలూరులో ఉన్న లస్కరును నిలదీస్తున్నారు. సిగ్నల్ అందక గొంతు ఇంకా పెంచుతున్నారు.

"ఎవరూ కట్టెయ్యలేదండి బాబాయ్ గారూ, సముద్రం పాటండి. మళ్లీ పోటొచ్చేదాకా ఇంతేనండి," అన్నాడు పడవతను.

వింటేగా! పంచె ఎగ్గట్టి, బురదకు ఆనిన పడవను తోసేస్తానని దిగిపోయారు. మోకాళ్ల దాకా బురదలో కూరుకుపోయి, పడవ అంచు పట్టుకుని రొప్పుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడూ పడవతనూ కలిసి పైకి లాగారు. అన్నేళ్ల కాపురంలో పరాయివాళ్ల ముందు ఆయన మీద గొంతెత్తింది ఆ ఒక్కసారే.

"మీరు పోతే ఆ నీళ్లు నేనేం చేసుకోనండీ?"

ఆయన కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చున్నారు. నేను కోపంతో మొహం తిప్పుకున్నాను. చాలాసేపటికి, పోటు ఎప్పుడొస్తుందో మీ ఊళ్లో ఎలా కనిపెడతారని మెల్లగా అడిగారు. తనకు తెలియదని ఒప్పుకుని ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు. పడవతన్నే అడగండి అన్నాను. ఇంకేం అడగలేదు. పొద్దు వాలాక పోటొచ్చింది, పడవ తేలింది, ఈయన మళ్లీ ఫోన్ తీశారు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఉన్నారు. ఒక్క పూట కూడా నా పక్కన అలా ఊరికే కూర్చోలేదు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, మా ఇద్దరి కోసం ఓ మధ్యాహ్నం ఆగింది. నేనే మొహం తిప్పుకుని కూర్చున్నాను.