ఇమానం గుంటడు

ఇది చదివేవారిలో ఎవరికైనా ఒక పేరు తెలిసి ఉండవచ్చు. అందుకే రాస్తున్నాను.

ఒకరోజు హుకుంపేట నుంచి అరకు వెళ్లే బస్సులో లైబ్రరీ పుస్తకం చదువుతున్నాను. పిస్టన్ ఇంజిన్ శిక్షణ విమానాల చరిత్ర అది. పక్కన కూర్చున్న ముసలామె బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఏటి బాబూ, ఈ ఇమానం?"

మిలటరీలో చేరిన కుర్రాళ్లు మొదట ఇలాంటివాటి మీదే నేర్చుకుంటారని, గురువు కూడా పక్కనే ఉంటాడని ఉత్సాహంగా చెప్పాను.

"మా కొండ మీద పడ్డదాన్లో ఒక్కడే ఉన్నాడట. నేను పుట్టకముందు మాట. శవాన్ని మిలట్రీవోళ్లు పట్టుకుపోనారు. మావోళ్లు రాయి నిలబెట్టారు."

వాళ్ల ఊళ్లో పోయిన ప్రతి మనిషికీ ఒక రాయి ఉంటుందట. ఏటా దాని మీద జీలుగు కల్లు పోసి, పేరు పెట్టి పిలుస్తారట. అలా పిలిస్తేనే పోయినవాళ్లు వచ్చి తాగుతారట.

"అతన్నేమని పిలుస్తారమ్మా?"

"ఇమానం గుంటడా అంటాం," అంది. గుంటడంటే వాళ్ల మాటలో కుర్రాడు. "అలాగంటే ఎవుడు పలుకుతాడు? మాయమ్మ పోసింది, ఇప్పుడు నేను పోత్తన్నాను. ఒక్కసారైనా తాగినాడో నేదో. సూడు బాబూ, పేరుందేమో."

చివరి పేజీ దాకా వెతికాను. ఇంజిన్ల పేర్లన్నీ ఉన్నాయి.

"లేదమ్మా."

"ఇంత లావు పుస్తకంలో నేదా!" అని నవ్వి, తన ఊరి మలుపులో దిగిపోయింది.

ఆ తర్వాత దొరికిన ప్రతి పుస్తకంలోనూ వెతికాను. పాత పుస్తకాలు దుమ్ము దులిపి ఇచ్చిన లైబ్రేరియన్ సత్యవతి గారికి, ఇంగ్లీషు పేజీలు చదివి చెప్పిన అప్పలనాయుడు మాస్టారికి, ఆమె ఊరి దారి చెప్పిన కండక్టర్ సింహాచలానికి కృతజ్ఞతలు.

ఈ వరుసలో ఆ ఇమానం గుంటడి పేరు కూడా ఉండాలి. దానికి చోటు వదిలిపెడుతున్నాను.