నర్సమ్మ ఇంటి పళ్ళెం

నర్సమ్మ పోయిందన్న కబురు పోయిన డిసెంబరు మొదట్లో మా ఇంటి టెలిఫోనులోనే వచ్చింది. ఫోను పెట్టించుకుని అప్పటికి నెల కూడా కాలేదు. మా అత్త దానికి పూలగుడ్డ కప్పి, మోగినప్పుడల్లా చుట్టాలొచ్చినట్టు లేచి నిలబడేది. ఆరోజు ఫోను చేసింది మా వెనక సందులో ఉండే ముస్లిం ఇల్లాలు. వారానికోసారి నర్సమ్మను చూడ్డానికి వేలూరు వెళ్ళే మనిషి, అక్కడి టెలిఫోను బూత్ నుంచి మాట్లాడుతోంది.

"అక్కా, అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి, లోటా కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుంది. అంతే," అని అరవంలో చెప్పి ఏడ్చింది.

లోటా కడిగి మరీ పోయిందంటే ఏడుపులోనే నాకు నవ్వు వచ్చింది. తన పని ఇంకొకరికి మిగల్చడం ఆమెకు బొత్తిగా చేతకాదు.

నేను తిరువలం నుంచి గుడియాత్తానికి కోడలుగా వచ్చేనాటికే ఆమె మా పక్కవాటాలో బాడుగకు ఉండేది. మా మామ ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఆయన తన చేతులతో కట్టుకున్న రెండు వాటాల ఇల్లు అది. నర్సమ్మది చిత్తూరు వైపు, క్రైస్తవురాలు. పెళ్ళి చేసుకోలేదు. వేలూరులో ఆసుపత్రి ఉద్యోగం, పొద్దున బస్సెక్కితే చీకటి పడే వేళకు దిగేది. దిగాక ఇంటిముందు అరుగే ఆసుపత్రి. పరంజా మీద నుంచి జారినవాళ్ళు, మేకు తొక్కినవాళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు. మా మామ కింద పనిచేసే కూలీల్లో ఆమె కట్టు కట్టని కాలు లేదు.

భక్తి గురించి ఆమె ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చివుంటే నేను నిద్రపోయేదాన్ని. ఒకసారి మాత్రం, ఎవరిదో చీము పట్టిన వేలు కడుగుతూ అంది: "ప్రేమంటే పాట గాదమ్మాయ్, కట్టు. దినామూ విప్పల్ల, కడగల్ల, మళ్ళా కట్టల్ల. మొదటి దినం అందరూ కడతారు."

మేం తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం అరవమే. తెలుగు అక్షరం మా వీధిలో ఎవరికీ రాదు. అందుకే నర్సమ్మ పాత్రల అంగడిలో తన స్టీలు పళ్ళేలన్నిటి మీదా పేరును తెలుగులో చెక్కించుకుంది. ఎవరింట్లోనైనా అర్థంకాని రాత ఉన్న పళ్ళెం కనబడితే అది ఆమెదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను చదివిన మొదటి తెలుగు మాట ఆ పళ్ళెం మీదిదే: నర్సమ్మ. వంటింటి గడప మీద కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించి నేర్పింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ వేలు పట్టుకున్న చెయ్యే కారణం.

క్రిస్మస్‌కు ఆ పళ్ళేలు వీధంతా తిరిగేవి. మావైపు అచ్చు మురుకులనే గులాబి పువ్వులు, ఒక కేకు ముక్క, పైన అల్లిక గుడ్డ. చక్కెర ఎప్పుడూ ఒక పిసరు తక్కువే. మా మామ ఏటా నాలుగు తిని, ఏటా అదే ఫిర్యాదు చేసేవాడు. ఇచ్చిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపడం మాలో లేదు. గుప్పెడు చక్కెరో బెల్లంముక్కో, ఏదో ఒకటి పెట్టే పంపాలి. "ఖాళీ తట్ట పంపితే ఇంట్లో ఉండేదంతా దాని ఎనకనే పోతుంది," అనేది మా అత్త. మావైపు పళ్ళేన్ని తట్ట అంటారు.

ఇక ఏళ్ళ కిందటి ఆ చెడ్డ డిసెంబరు. ఎక్కడో ఉత్తరాదిలో గుడి, మసీదు గొడవ. ఇక్కడ రాయి పడిందో లేదో ఎవరూ చూడలేదు గాని, పుకార్లు మాత్రం పేర్ణాంబట్టు నుంచి వేలూరు దాకా బస్సుల కన్నా వేగంగా తిరిగాయి. ఆ తర్వాత బస్సులు నిలిచిపోయాయి. వెనక సందులో బీడీలు చుట్టే ముస్లిం కుటుంబాలు చాలావరకు చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నిండు నెలల ఇల్లాలు ఒకతి నడవలేక మిగిలిపోయింది. మొగుడు పేర్ణాంబట్టు తోలు షాపులో పనికి వెళ్ళి అక్కడే చిక్కుకున్నాడు. నర్సమ్మ వెళ్ళి, ఆమెను చెయ్యి పట్టుకుని పట్టపగలు వీధంతా చూస్తుండగా తన వాటాకు నడిపించుకొచ్చింది.

వీధి పెద్దలు మా మామను ముందుకు తోశారు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"నర్సమ్మా, ఎవరైనా వచ్చి నిప్పు పెడితే పొయ్యేది నా ఇల్లు. ఆ యమ్మను యాడికైనా పంపించెయ్."

"యాడికి పంపేది మేస్త్రీ? నువ్వే చెప్పు, తీసుకుపోయి దిగబెట్టొస్తా."

"అదంతా నాకు తెలీదు. పంపకపోతే నువ్వు కూడా ఇల్లు చూసుకోవాల్సి ఉంటాది."

"సరే. బిడ్డ బయటపడినాక నేనూ బయటపడతా. అంతదాకా నీ గోడ నువ్వు కాపాడుకో, లోపల ఉండేదాన్ని నేను కాపాడతా."

మరునాడు నర్సమ్మ వెళ్ళే చర్చి సంఘం పెద్ద ఒకాయన వచ్చాడు. మనం పిడికెడు మందిమి, ఊరందరి కంట్లో పడడం మనకెందుకు అన్నాడు. ఆమె ఆయనకు మజ్జిగ ఇచ్చింది. "పక్కింటోళ్ళను ప్రేమించమన్నాడయ్యా. ఏ పక్కింటోళ్ళు అని అడిగే తెలివి నాకు లేకపోయింది," అంది. ఆయన మజ్జిగ తాగి వెళ్ళి, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పే పని ఆమె నుంచి తీసేయించాడు.

ఆడపిల్ల పుట్టింది. గోడకు ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

ఆ క్రిస్మస్‌కు కూడా ఆమె పళ్ళేలు పంపింది. సాయంత్రానికి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. అచ్చు మురుకులు అలాగే ఉన్నాయి, అల్లిక గుడ్డ మడత కూడా విప్పలేదు. నేను వెళ్ళేసరికి ఆమె వాటి మధ్య కూర్చుని ఉంది.

"చూసినావా అమ్మాయ్, మీ వీధోళ్ళు నియమం తప్పలేదు. ఒక్క తట్ట కూడా ఖాళీగా రాలేదు," అని నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. నాకు ఆరోజు వీధి మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా పళ్ళెం మాత్రం తిరిగి వెళ్ళలేదు. పంపెయ్యమని మామ అన్నాడు. పండగ పూట పెట్టింది వాపసివ్వడానికి మా అత్తకు చేతులు రాలేదు. ఉన్నవన్నీ తానే తినేసింది. ఇక ఆ పళ్ళేన్ని ఖాళీగా పంపకూడదు, ఏదైనా పెట్టి పంపుదామంటే మామ గడపలోనే కూర్చున్నాడు. బియ్యం డ్రమ్ము వెనక దాచింది. నర్సమ్మ ఇల్లు ఖాళీ చేసి, వేలూరులో కోట వెనక ఒక గదిలోకి మారిపోయింది. అరుగు బోసిపోయింది. కాలు తెగినవాళ్ళు కొన్నాళ్ళు అలవాటు కొద్దీ వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

తర్వాత కొన్నేళ్ళకు మా మామకు చక్కెర జబ్బు ముదిరి, కాలి పుండుతో వేలూరులో ఆసుపత్రి పాలయ్యాడు. ఎవరు చెప్పారో, మరునాడే నర్సమ్మ గంజి క్యారియరుతో వచ్చింది. ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఆ గోడ నువ్వు కట్టింది కాదే. అంత సేపు యేం చూస్తావు? ఇట్ల తిరుగు, గంజి ఆరిపోతా ఉండాది."

తిరిగాడు. తాగాడు. ఇంటికి వెళ్ళేరోజు అన్నాడు: "నీ వాటా ఖాళీగానే ఉండాది నర్సమ్మా."

"ఉండనీప్పా. నేనొస్తే మళ్ళా ఎవరినో ఒకరిని తెచ్చి పెడతా. నీకు మళ్ళా తలనొప్పి."

ఆమె తిరిగి రాలేదు. వచ్చివుంటే కథ బాగుండేది గాని, అప్పటికే కోట వెనక ఇంకో అరుగు, ఇంకో వరస ఏర్పడిపోయాయి. వాళ్ళను వదిలి రాలేనంది.

కబురు తెలిసిన రోజు మా అత్త డ్రమ్ము వెనక నుంచి పళ్ళెం తీసి, చింతపండుతో తోమి, నిండా బియ్యం పోసి గుడ్డ కట్టింది. మావాళ్ళలో పోయినవాళ్ళ నోట్లో తలా గుప్పెడు బియ్యం వేస్తాం. నేను వద్దంటే వినలేదు. వేలూరులో తిన్నగా శవపెట్టె దగ్గరికి వెళ్ళి గుడ్డ విప్పింది. సంఘం పెద్ద కంగారుపడ్డాడు.

"అమ్మా, మాలో ఈ వాడిక లేదు."

"మీలో లేకుంటే ఉండనీ నాయనా. ఇది ఆమె తట్ట. ఇన్నేళ్ళకు తెస్తా ఉండా, ఖాళీగా యెట్ల తెచ్చేది?"

 ఫోను చేసిన ఇల్లాలు వచ్చి పళ్ళేనికి అటువైపు పట్టుకుంది. వెనకాలే ఆమె కూతురు, ఆ డిసెంబరులో పుట్టిన పిల్ల. "ఇటివ్వండవ్వా. అమ్మ ఇంటి పొయ్యి మీదే వండుదాం, వచ్చినోళ్ళు తింటారు," అంది ఆ ఇల్లాలు. సమాధి దగ్గర నుంచి తిరిగి వచ్చాక అందరం ఆ అన్నమే తిన్నాం. సంఘం పెద్ద రెండోసారి పెట్టించుకున్నాడు.

మేం బయలుదేరుతుంటే ఆ ఇల్లాలు పళ్ళెం కడిగి తెచ్చింది. అందులో అచ్చు మురుకులు ఉన్నాయి. క్రిస్మస్ కోసం నర్సమ్మ ముందుగానే కాల్చి డబ్బాలో పెట్టుకున్నవి. "అమ్మ ఇంటి నుంచి ఖాళీ తట్ట పోకూడదు గదా," అంది. మా అత్త గుడియాత్తం వచ్చేదాకా బస్సులో దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

అరుగు మీద మామ ఒకటి తీసుకుని కొరికాడు. "ఇప్పుడూ చక్కెర తక్కువే," అన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. తినకూడని జబ్బని తెలిసీ అత్తే పళ్ళేన్ని ఆయన వైపు జరిపింది.

మళ్ళీ ఆ పళ్ళెం మా ఇంట్లోనే మిగిలింది. క్రిస్మస్ పొద్దున అత్త వడలు కాల్చి, వేడివేడిగా అందులో పేర్చి, అల్లిక గుడ్డ కప్పింది. గడపలో కూర్చున్న మామ కాలు పక్కకు తీసుకున్నాడు. వీధి పెద్దలు చూస్తుండగానే అత్త వీధి దిగి, తన జన్మలో ఎన్నడూ కాలు పెట్టని వెనక సందులోకి తిరిగింది. గుడ్డ అంచు కింద తెలుగు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. ఇళ్ళ ముందు బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళు ఆ రాత చూసి, ఎవరూ చెప్పకుండానే లేచి ఆమెకు దోవ ఇచ్చారు.