పెత్రమాస బియ్యం

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మా నల్గొండ బస్సును దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కుర్రవాళ్లు ఆపేశారు. అందరూ దిగిపోయారు. పాత మిలిటరీ కోటు తొడుక్కుని నా పక్కన కూర్చున్న పెద్దమనిషి మాత్రం కదల్లేదు.

"దిగు పెద్దయ్యా, రాళ్లు పడ్తయ్," అన్నాడు కండక్టర్.

"సచ్చినోనికి రాళ్లేం జేస్తయ్ బిడ్డా?"

నేనూ దిగలేకపోయాను. నాలుగేళ్ల కిందట యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన మా తమ్ముడికీ అలాంటి కోటే ఉండేది. ఆ సంగతి ఆయనకు చెప్పాను. దినాలు చేసెయ్యమని చుట్టాలు పోరుతున్నారని కూడా చెప్పాను.

ఆయన తన సంగతి చెప్పాడు. తెల్లవాళ్ల యుద్ధానికి మలయా వెళ్లి, జపాన్ వాళ్లకు పట్టుబడి, అంతా అయిపోయాక ఊరికి తిరిగొచ్చాడట.

"గా దినం పెత్రమాస. సచ్చిపోయిన పెద్దల పేర్లు జెప్పుకుంట మా తమ్ముడు అయ్యగారికి బియ్యం ఇస్తుండె. నేను వాకిట్ల నిలబడ్డ. తలెత్తి జూసిండు."

"గుర్తుపట్టలేదా?"

"పట్టిండు. అయినా నా పేరు జెప్పి బియ్యం పోసిండు. నా పొలం గూడ ఆడే దున్నుకుంటుండె మరి."

కండక్టర్ మళ్లీ పిలిచాడు. ఆయన లేచి, "దినాలకు జర ఆగుండ్రి బిడ్డా," అని నాతో చెప్పి దిగిపోయాడు.

మా తమ్ముడు రాలేదు. ఏటా పెత్రమాసకు నాన్న పేరు, అమ్మ పేరు చెప్పి బియ్యం ఇస్తాను. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడుగుతారు. ఒకసారి వాకిలి వైపు చూసి, ఇంకెవరూ లేరంటాను.